వెయిటింగ్ లిస్టులో విశేషం

ఎమ్మిగనూరు,
జూన్ నెల.

ఆదోని నీలాంబిక మహిళా కళాశాల ఆఫీసు మేడం గారికి,

ఇందు నమస్కారాలు. ముందుగా నా చేతిరాతకు, అందులోని తప్పులకు మన్నించండి. ఈ కాగితం జొన్నల డబ్బా మూత మీద పెట్టుకుని రాస్తున్నాను. అత్తమ్మ వచ్చే అలికిడి అయితే కాగితాన్ని జొన్నల్లో దాచాలి కాబట్టి గీతలు తిన్నగా రావు. ఇక ‘శ’ ఎక్కడ రాయాలో, ‘ష’ ఎక్కడ రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఉత్తరం మొదట్లో అందరూ రాసే ‘విశేషాలు’ అనే మాటలో రెండూ ఉన్నాయట. అందుకే నేను విశేషాలు అడగకుండా నేరుగా విషయానికి వస్తున్నాను. అందులోనూ ఒకటి వచ్చింది చూడండి.

మీ కాలేజీలో బి.ఏ. సీటు కోసం అర్జీ పెట్టాను. నా గ్రేడు పాయింట్ల సగటు 4.7. మీ గేటు దగ్గర అంటించిన కాగితంలో ఏడుకు తగ్గకూడదని ఉంది. అది చదవక పెట్టలేదు, చదివే పెట్టాను. నేను బడిలో కూర్చుని చదివింది ఆరో తరగతి దాకానే. తర్వాత గోనెగండ్లలో మా అమ్మతో పత్తి చేలకు పోయాను. పదో తరగతి, ఇంటర్ ఓపెన్ స్కూల్లో కట్టి, పొయ్యి ముందు చదివి పాసయ్యాను. పోయిన ఏడు పెళ్ళయింది. మా ఆయన మహేంద్ర బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు. మా మామ సోమప్ప మీ ఆదోని పత్తి యార్డులోనే హమాలీ. గ్రేడు తక్కువ పత్తికి రేటు తగ్గిస్తారే గాని మూటను ఇంటికి తిప్పి పంపరని ఆయన చెబుతాడు. నన్ను కూడా అట్లాగే తీసుకోమని వేడుకుంటున్నాను.

మీ కాలేజీ బస్సు పొద్దున మా వీధి చివర ఆగుతుంది. నేను బిందె పట్టుకుని కొళాయి దగ్గర నిలబడి దాన్నే చూస్తాను. డ్రైవరు వెనక కిటికీ దగ్గర ఒక అమ్మాయి కూర్చుంటుంది. మంచు పట్టిన రోజు, వాన రోజు, అద్దం మీద ఆవిరి పడితే వేలితో ఏదో రాస్తుంది. బయటి నుంచి తిరగబడి కనిపిస్తుంది కాబట్టి నేను చదవలేను. బస్సు పోయాక బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీద పడుతుంటాయి.

ఈ అర్జీ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చదివి ఈ ఉత్తరం కాల్చేయండి.

ఇట్లు, మీ గేటు బయట నిలబడిన
ఇందు

తా.క. జవాబు మా ఇంటికి రాయవద్దు. ‘కేరాఫ్ అనురాధ టీచరు, అంగన్‌వాడీ’ అని రాయండి. ఆమె ఏమీ అడగని మనిషి.

---

నీలాంబిక మహిళా కళాశాల కార్యాలయం,
ఆదోని.

శ్రీమతి ఇందు గారికి,

మీ దరఖాస్తు అందినది. మీ సగటు కనీస అర్హత కన్న తక్కువగా ఉన్నప్పటికీ, వివాహిత స్త్రీలకు కళాశాల ఇచ్చే సడలింపు కింద పరిశీలించడమైనది. మీరు వెయిటింగ్ లిస్టులో 46. ఆగస్టు నెలాఖరు వరకు గడువు ఉన్నది.

ఇట్లు,
మహజబీన్,
సీనియర్ అసిస్టెంట్

తా.క. కార్యాలయానికి వచ్చిన ఉత్తరాలను కాల్చు పద్ధతి లేదు.

---

ఎమ్మిగనూరు,
జూలై మొదట్లో.

మహజబీన్ మేడం గారికి,

ఇందు నమస్కారాలు. ఈసారి తప్పులు ఇంకా ఎక్కువ ఉంటాయి, సంతోషంలో గబగబా రాస్తున్నాను.

వెయిటింగ్ లిస్టులో 46 అని రాశారు. గ్రేడు చూశాక వెయిట్ చూస్తారని నేను ముందే అనుకోవలసింది. మా మామ యార్డులోనూ అంతే కదా, మొదట గ్రేడు, తర్వాత తూకం. మీ ఉత్తరం చదివి అక్కడే అంగన్‌వాడీ కాటా ఎక్కాను. గాజులు, మెట్టెలతో కలిపి 39. ఆడమనిషి ఇట్లాంటిది కాగితం మీద పెట్టడం సిగ్గు, కానీ మీరే అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఆగస్టు లోపల 46 చేసి చూపిస్తాను. మధ్యలో నా సీటు ఇంకెవరికీ ఇవ్వవద్దు.

ఆ పొద్దు నుంచే మొదలుపెట్టాను. ఉగ్గాని రెండోసారి పెట్టించుకుంటున్నాను. నానబెట్టిన వేరుశనగ బుడ్డలు కొంగులో కట్టుకుని నములుతున్నాను. రొట్టెలు తట్టేటప్పుడు ఒకటి పళ్ళెంలోకి, ఒకటి నోట్లోకి. మా అత్తమ్మ ఉచ్చీరమ్మ నిన్న పొయ్యి దగ్గరికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఏమ్మే, వచ్చినప్పుడు పిట్ట మాదిరి తింటాంటివి. ఇప్పుడు నా రొట్టెకు కూడా కన్నేసినావు. ఏంది కత?”

“ఆకలి, అత్తమ్మా.”

“ఆకలా?” అని నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత ఎందుకో నవ్వుకుంటూ పోయి, తన పళ్ళెంలోని రొట్టె తెచ్చి నాకే వేసింది. పెళ్ళయినాక ఆమె నన్ను చూసి నవ్వడం ఇదే మొదలు.

చదివి కాల్చేయండి. మీకు పద్ధతి లేకపోతే చింపేయండి.

ఇట్లు, పెరుగుతున్న
ఇందు

తా.క. కాటా ఎక్కినప్పుడల్లా అనురాధ టీచరు నాకు ఒక కోడిగుడ్డు ఇస్తోంది. ఏమీ అడగలేదు. మంచి మనిషి. బస్సు కిటికీ దగ్గర కూర్చునే ఆ అమ్మాయి పేరేమిటో మీకు తెలుసా?

---

నీలాంబిక మహిళా కళాశాల కార్యాలయం,
ఆదోని.

శ్రీమతి ఇందు గారికి,

మీ ఉత్తరంలోని యార్డు తూకాలు, కాటాల సంగతులు మీ మామ గారి వృత్తికి సంబంధించినవిగా తోస్తున్నవి. వాటితో ఈ కార్యాలయానికి పని లేదు.

మీరు 39 అని రాసినది తప్పు. అప్పటికి మా రికార్డు ప్రకారం మీరు 46. ప్రస్తుతం మీ సంఖ్య 31కి తగ్గినందుకు అభినందనలు. ఈ సంఖ్య ఎంత తగ్గితే మీకు అంత మేలు. దయచేసి దానిని పెంచే ప్రయత్నాలు చేయవద్దు.

ఇట్లు,
మహజబీన్

తా.క. బస్సులోని విద్యార్థినుల గురించిన వివరాలు బయటివారికి తెలుపబడవు.

---

ఎమ్మిగనూరు,
జూలై చివర్లో.

మహజబీన్ మేడం గారికి,

ఇందు నమస్కారాలు. తప్పులకు మన్నించండి. కళ్ళు తిరుగుతున్నాయి, ఒక గీత రెండుగా కనిపిస్తోంది.

మేడం, ఇదేమి న్యాయం? ఒళ్ళు దాచుకోకుండా తిని 43 కేజీలకు వచ్చాను. జాకెట్లు బిగుతై కుట్లు విప్పుకున్నాను. ఇప్పుడు 31కి తగ్గినానని అభినందనలు పంపారు. నేను 31 కేజీలు ఉన్నది పావడాలు కట్టుకునే వయసులో. అయినా ‘ఎంత తగ్గితే అంత మేలు’ అన్నారు కాబట్టి మానేశాను. పొద్దున టీ, సాయంత్రం సగం రొట్టె. అది కూడా అత్తమ్మ ఎదురుగా కూర్చుంటే తింటున్నాను.

దీంతో ఇంట్లో ఏం జరిగిందో రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. నెలంతా విపరీతంగా తిన్న కోడలు ఇప్పుడు అన్నం చూస్తే మొహం తిప్పుకుంటోంది. పైగా దినామూ అంగన్‌వాడీకి పోతోంది. మా వీధిలో అంగన్‌వాడీ కాటా ఎక్కేది ఇద్దరే: చంటిపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు. నేను చంటిపిల్లను కాదు.

అత్తమ్మ టీచరునే పోయి అడిగిందట. “మా కోడలు ఈడికి ఎందుకొస్తాండాది?” అని. టీచరు ఎవరికీ చెప్పనని నాకిచ్చిన మాట తప్పకుండా, “ఆడోళ్ళు ఎందుకొస్తారో అందుకే, ఉచ్చీరమ్మా” అన్నదట. అయిపోయింది. అత్తమ్మ ఇంటింటికీ చక్కెర పంచింది. “ఇసేసం, ఇసేసం” అని వీధంతా మోగిపోయింది. నాకు రాయడం రాని ఆ మాట ఇప్పుడు నా పొట్టకే తగులుకుంది. ఆమె హులిగెమ్మ దేవతకు మొక్కు కూడా మొక్కేసింది. కాదని చెప్పబోతే, “సిగ్గు పడొద్దులే” అని నా నోట్లో బెల్లం పెట్టింది. తీయగా ఉంది, మేడం. తగ్గవలసిన దాన్ని, అయినా మింగాను.

మా ఆయన సాయంత్రం ఫోను చేస్తాడు. ఫోను అత్తమ్మది. ఆమెకు చెవి కొంచెం తక్కువ, అందుకే ఎప్పుడూ స్పీకరు పెడుతుంది. ఆయన “ఇందూ” అంటాడు. వెనక కంకర మిల్లరు చప్పుడు. “తిన్నావా” అంటాడు. “ఊ” అంటాను. “ఇంగేమి” అంటాడు. ఆ ‘ఇంగేమి’ దగ్గర నాకు బస్సు, కిటికీ, కాలేజీ, ఆయన చొక్కా ఉతకక అట్లాగే దాచుకున్న సంగతి, అన్నీ గొంతు దాకా వస్తాయి. స్పీకరు చూసి, “ఏమీ లేదు” అంటాను. నిన్న అత్తమ్మ ఫోను లాక్కుని కేక వేసింది: “రేయ్ మహేంద్రా, నువ్వు నాయన అయితాండావు!” అవతల మిల్లరు కూడా ఆగినట్టు అనిపించింది.

ఆయన శుక్రవారం వస్తున్నాడు. నేను ఆయన కోసం ఇంత ఎదురుచూసి, ఆయన రాకూడదని ఇంత కోరుకోవడం ఎప్పుడూ లేదు. శుక్రవారం లోపల ఒక్క మాట రాయండి, నేను ఎన్ని కేజీలు ఉండాలి?

ఈ ఉత్తరం తప్పకుండా కాల్చండి. బూడిద కూడా ఉంచవద్దు.

ఇట్లు, అటూ ఇటూ కాని
ఇందు

తా.క. టీచరు గుడ్లు ఆపలేదు. ఇప్పుడు పాల పాకెట్టు కూడా ఇస్తోంది.

---

ఆదోని.

ఇందూ,

ఇది ఆఫీసు కాగితం కాదు, నా సొంత కాగితం.

నీ ఉత్తరం చదివి నేను బల్ల మీద తల పెట్టి నవ్వుతుంటే, అటెండరు నాకు ఏదో అయిందనుకుని మంచినీళ్ళు తెచ్చాడు. వెయిటింగ్ అంటే తూకం కాదు, తల్లీ. ఎదురుచూడటం. రైలు టికెట్టుకు ఉంటుంది చూడు, అట్లాంటిది. ముందరి వాళ్ళు వద్దనుకుంటే వెనకవాళ్ళు జరుగుతారు. నీకు ముందు నలభై ఐదు మంది ఉన్నారని నేను రాశాను. నిన్ను మేము ఏ కాటా మీదా పెట్టము. నువ్వు రాసిన కాటా సంగతి చదివి కూడా అర్థం చేసుకోకపోవడం నా తప్పు. మాది పత్తి ఊరు, కాటా అంటే మాకు పత్తే తోస్తుంది.

ఇప్పుడు నువ్వు తొమ్మిదో దానివి. ఇంత త్వరగా ఎట్లా తగ్గిందని అడుగుతావేమో. శ్రావణం వస్తోంది కదా. లిస్టులో పిల్లలకు ఫోను చేస్తే వాళ్ళ నాయనలు ఎత్తుతున్నారు. “మా పాపకు కుదిరింది మేడం, కాలేజీ వద్దు” అంటున్నారు. అందులో తొమ్మిదికి పైన పాయింట్లు వచ్చిన పిల్లలున్నారు. అందాకా నవ్వుతున్న దాన్ని, ఈ సంగతి రాసేటప్పటికి నవ్వు ఆగిపోయింది.

నీ మేలు కోరే
మహజబీన్

తా.క. కడుపునిండా తిను. ఇది ఆఫీసు ఉత్తర్వు.

---

ఎమ్మిగనూరు,
ఆగస్టు.

మహజబీన్ మేడం గారికి,

ఇందు నమస్కారాలు. తప్పులకు మన్నించండి. మీ ఉత్తరం అందింది. నాకు కాదు, మా ఆయనకు.

శుక్రవారం పొద్దున ఆయన ఆదోనిలో రైలు దిగి, బస్సులో ఊరికొచ్చి, ఇంటికి రాకుండా, బెంగళూరు నుంచి తెచ్చిన దిల్‌పసంద్ పొట్లంతో అంగన్‌వాడీకి పోయాడట. నన్ను కనిపెట్టుకుని ఉన్నందుకు టీచరు నోరు తీపి చేద్దామని. ఆమె, “ఇది మీ ఇందుకు వచ్చింది, ఇచ్చేయండి” అని మీ కవరు చేతిలో పెట్టింది. ఆయన దారిలోనే చదివేశాడు.

ఇంటికి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఒక చేతిలో ఉత్తరం, ఒక చేతిలో దిల్‌పసంద్. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం.

“అయితే... ఏమీ లేదా?” అన్నాడు.

తల అడ్డంగా ఊపాను. ఆయన కొంచెంసేపు పొట్లం వైపు చూశాడు. ఆ కాస్తసేపు, మేడం, నిజంగా ఉంటే బాగుండేదే అని నాకు కూడా అనిపించింది.

“కాలేజీ సంగతి నాకెందుకు సెప్పలే?”

“స్పీకరు,” అన్నాను.

అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్ని నెలలైందో. “పిచ్చిదానా, ఎప్పుడూ వెయిటింగ్ టికెట్టుతోనే వచ్చి పోతాంటా గదా, నన్ను అడిగుంటే సెప్పేటోడిని,” అన్నాడు.

ఇంతలో అత్తమ్మ పెరట్లోంచి వచ్చింది. ఆయనే చెప్పాడు, నిదానంగా. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. చివరికి అడిగింది: “కడుపు లేదా? మరి ఆ గుడ్లన్నీ యాడికి పాయ?”

మామ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయాడు. అత్తమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “వీధంతా చక్కెర పంచినా. అమ్మోరికి మొక్కినా. ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని తిరగాల?” అంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను. నా వల్ల ఒకరు ఇంత ఆశపడ్డారని, ఆ ఆశ నేనే తీసేశానని అప్పుడు అర్థమైంది.

కాసేపటికి ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“ఏమ్మే, ఆ కాలేజీకి పొద్దున పోతే ఎప్పుడొస్తావు?”

“సాయంత్రం, అత్తమ్మా.”

“దినామూనా?”

“ఆదివారం తప్ప.”

“అయితే పో. పగలు ఎవురి కంటా పడకుంటే సాలు. లేకపోతే కొళాయి కాడ ప్రతిదీ నీ పొట్ట చూసి నెలలు లెక్కబెడతాది. ఇంగ మొక్కంటావా, అమ్మోరికి మాటిచ్చినాక తప్పేది లేదు. కడుపుకు గాకుంటే కాలేజీకి తీరుస్తా. ఆమెకు రెండూ ఒకటే.”

మేడం, ఇంట్లో అందరూ సరే అన్నారు. ఇప్పుడు సీటు రాకపోతే నేను బిందె పట్టుకుని ఆ బస్సు ముందు నిలబడలేను. తొమ్మిది ఎప్పుడు ఒకటి అవుతుంది?

ఇంట్లో తెలిసిపోయింది గాని, వీధికి తెలియదు. అందుకని ఇది కాల్చండి.

ఇట్లు, ఎదురుచూసే
ఇందు

తా.క. మా ఆయన మళ్ళీ బెంగళూరు పోయాడు. పోతూ ఫోనులో స్పీకరు ఎట్లా తీసేయాలో నాకు నేర్పించాడు.

---

ఆదోని.

ఇందూ,

సీటు వచ్చింది. మా దగ్గరే ఇంటర్ చదివి, మొదటి లిస్టులో 9.6 పాయింట్లతో బి.ఏ.లో చేరిన ఒక అమ్మాయి, పెళ్ళయిందని నిన్న సీటు వదులుకుంది. అప్పటికి లిస్టులో నీకు ముందు మిగిలిన ఇద్దరూ వేరే కాలేజీల్లో చేరిపోయారు. సోమవారం సర్టిఫికెట్లు తీసుకుని బస్సెక్కు. డ్రైవరు వెనక కిటికీ సీటు కూడా ఖాళీ అయింది. నీకే చెప్పి ఉంచాను.

మహజబీన్

తా.క. నీ ఉత్తరాలు ఒక్కటీ కాల్చలేదు. ఆఫీసులో అగ్గిపెట్టె వెలిగించరాదని నిబంధన.

---

ఎమ్మిగనూరు,
ఆగస్టు చివర.

మహజబీన్ మేడం గారికి,

ఇందు నమస్కారాలు. ఈసారి తప్పులకు మన్నించమని అడగడం లేదు. ఎందుకో చివర్లో చెబుతాను. వారం నుంచి మీ కిటికీ ముందే తిరుగుతున్నాను గాని, ఈ సంగతి ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఉత్తరమే రాస్తున్నాను.

ఆ కిటికీ సీటులో కూర్చున్నాను. బస్సు కదలగానే కొళాయి, బిందెలు, మా గడప వెనక్కి పోయాయి. ఏడుస్తానేమో అనుకున్నాను, ఏడవలేదు. అద్దం మీద ఆవిరి ఉంది. ఏం రాయాలో తోచక ఒక సున్నా చుట్టాను.

శ్రావణంలో మా ఎదురింట్లో పెళ్ళయింది. కొత్తకోడలు ఎప్పుడూ తల వంచుకునే ఉండేది. నిన్న ఆదివారం అత్తమ్మ గోరుచిక్కుళ్ళు ఇచ్చి రమ్మంటే వాళ్ళింటికి పోయాను. ఆ అమ్మాయి పొయ్యి ముందు ఒక్కతే ఉంది. పళ్ళెంలో జొన్నపిండి పరుచుకుని, వేలితో దాని మీద ఏదో రాస్తోంది. ఆ వేలు చూశాను, మేడం. ఏడాదిగా అద్దానికి అవతల చూసిన వేలు. ఈసారి అక్షరాలు తిరగబడి లేవు. ‘గౌరి, బి.ఏ.’

నా అడుగు విని అరచేత్తో చెరిపేసింది. నీళ్ళు పోసి ఆ పిండినే కలిపి, దాంతోనే రొట్టె తట్టింది. ఒకటి నాకూ పెట్టింది. తిన్నాను.

“నీ పాయింట్లు ఎన్ని?” అని అడిగాను.

“తొమ్మిది పాయింట్ ఆరు, అక్కా. ఇప్పుడెందుకులే,” అంది.

ఎవరి సీటులో కూర్చుంటున్నానో నాకు అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పి, నా సీటు తిప్పి ఇచ్చేస్తానన్నాను. అత్తమ్మ గయ్యిమంది.

“నీది నువ్వెందుకు ఇస్తావు? అమ్మోరికి ఏం సెప్పుకోవాల నేను? ఆ పిల్లకు ఇంగోటి అడుగు.”

“వాళ్ళ అత్త పంపదు కదా.”

“దానికి నేను సెప్తా,” అని అత్తమ్మ చెప్పులు వేసుకుని రోడ్డు దాటింది. నేను తలుపు చాటు నుంచి విన్నాను. “ఏమక్కా, మా కోడలు కడుపుతో ఉన్న మనిషి. బస్సులో ఒంటిగా పంపాలంటే నాకు గుండె దడ. మీ పిల్లను తోడు పంపితే నీ పుణ్యం. ఊరికే పోయి కూసోడమెందుకు, ఆ చదువేదో అదీ చదువుకుంటాది.”

ఎదురింటామె లెంపలు వేసుకుని, “కడుపుతో ఉన్నామెకు కాదంటే పాపం,” అంది. గౌరి మొగుడు కూడా సరే అన్నాడు.

మేడం, ఆమె వదులుకున్న సీటు నాకు వచ్చింది. నా సీటు పక్కన ఆమెకు కొంచెం చోటు చూపించండి. ఆఖరి తేదీ దగ్గరపడింది, అందుకే మా మామ చేతికిచ్చి పంపుతున్నాను. ఈ ఉత్తరం కాల్చొద్దు. చింపొద్దు. ఫైల్లో అన్నిటికన్న పైన పెట్టండి. ఇదే గౌరి దరఖాస్తు.

ఇట్లు, మీ విద్యార్థిని
ఇందు

తా.క. ఒక్క తప్పు కూడా లేదు చూశారా? గౌరి దిద్దింది. ‘విశేషం’ అని రాయడం కూడా నేర్పింది. మా ఇంట్లో ఉన్న విశేషం ప్రస్తుతానికి అదొక్కటే. వీధికి మాత్రం చెప్పకండి. గౌరిని వెయిటింగ్ లిస్టులో ఏ నంబరులో వేసినా పర్వాలేదు. ఎదురుచూడటం మా ఇద్దరికీ బాగా వచ్చు.